మాడ్రిడ్‌లో తొలిరోజు: గడియారం లెక్క వేరు, ఎండ లెక్క వేరు

జూన్ నెలలో హైదరాబాద్‌కీ మాడ్రిడ్‌కీ మధ్య కాలం తేడా ఎంతని ఫోన్‌ని అడిగితే 3 గంటల 30 నిమిషాలు అంటుంది. సూర్యుణ్ని అడిగితే 5 గంటల 29 నిమిషాలు అంటాడు. రెండూ నిజమే. నడుమ ఉన్న ఆ రెండు గంటలు ఎక్కడివో తెలిస్తే, నిద్ర చాలని కళ్లతో స్పెయిన్‌లో దిగిన మొదటి రోజును ఎలా గడపాలో సగం తెలిసినట్టే.

లెక్క కష్టమైనదేమీ కాదు. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. హైదరాబాద్ ఉన్నది తూర్పు రేఖాంశం 78.5 డిగ్రీల దగ్గర, మాడ్రిడ్ ఉన్నది పశ్చిమ రేఖాంశం 3.7 దగ్గర. మధ్య దూరం 82.2 డిగ్రీలు. నాలుగుతో గుణిస్తే దాదాపు 329 నిమిషాలు, అంటే 5 గంటల 29 నిమిషాలు. మన గడియారం సూర్యుడి కంటే ఓ పావుగంటే ముందు నడుస్తుంది. ఎందుకంటే భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల రేఖను బట్టి పెట్టింది, హైదరాబాద్ దానికి నాలుగు డిగ్రీలు పడమర. మాడ్రిడ్ గడియారం మాత్రం వేసవిలో సూర్యుడి కంటే 2 గంటల 15 నిమిషాలు ముందుంటుంది. అక్కడ నడినెత్తిన సూర్యుడు వచ్చేది పన్నెండింటికి కాదు, రెండుంబావుకి.

ఇప్పుడు ఒక జంటను ఊహించుకుందాం. భర్త ఉద్యోగం హైదరాబాద్‌లో, భార్యది న్యూజెర్సీలో. వీసాలు, ప్రాజెక్టుల పుణ్యమా అని ఇలా రెండు ఖండాల మీద కాపురం చేస్తున్న తెలుగువాళ్లు తక్కువమందేమీ లేరు. సెలవులకు నడిమధ్యలో కలుద్దామనుకుని జూన్ ఆఖరి వారంలో మాడ్రిడ్ ఎంచుకున్నారనుకుందాం. గడియారం ప్రకారం ఆమె 6 గంటలు, అతను 3 గంటల 30 నిమిషాలు దాటి వస్తున్నారు. కాబట్టి బడలిక ఆమెకే ఎక్కువ అనిపిస్తుంది. కానీ న్యూజెర్సీలో ఆమె ఉండే ఎడిసన్ పట్టణం పశ్చిమ రేఖాంశం 74.4 దగ్గర ఉంది. అక్కణ్నుంచి మాడ్రిడ్‌కు సూర్యుడి లెక్క 4 గంటల 43 నిమిషాలే. ఎండను బట్టి చూస్తే ఎక్కువ దూరం వచ్చింది అతనే. స్పెయిన్ గడియారం తన ఊరిని మనకు దగ్గరగా, అమెరికాకు దూరంగా చూపిస్తోందన్నమాట.

ఇంకో లెక్క కూడా వేయాలి, ఎందుకంటే నిద్రపోయేది సూర్యుడు కాదు, మనం. అతను ఇంట్లో రాత్రి పదిన్నరకు పడుకుంటాడు. మాడ్రిడ్‌లో అది సాయంత్రం 7. ఆమె పదకొండుకు పడుకుంటుంది. మాడ్రిడ్‌లో అది తెల్లవారి 5. ఆ ఊరి తీరుకు తగ్గట్టు ఇద్దరూ అర్ధరాత్రి పన్నెండింటికి నిద్రపోవాలంటే అతను నిద్రను 5 గంటలు వెనక్కి నెట్టాలి, ఆమె 5 గంటలు ముందుకు లాక్కోవాలి. గంటలు సమానం, దిశలే వేరు.

ఆ దిశే అసలు సంగతి. మెదడు అడుగుభాగంలో, రెండు కళ్ల నుంచి వచ్చే నరాలు కలిసే చోటుకు కాస్త పైన, సుమారు 20 వేల నాడీకణాల చిన్న గుత్తి ఉంటుంది. ఒంట్లోని గడియారం అదే. వెలుతురు, చీకటి తెలియని పరిస్థితుల్లో మనుషుల్ని ఉంచి కొలిస్తే దాని రోజు 24 గంటలు కాదు, సగటున 24 గంటల 11 నిమిషాలు అని తేలింది. సహజంగానే కాస్త ఆలస్యంగా నడిచే గడియారం కనుక దాన్ని ఇంకొంచెం ఆలస్యం చేయడం తేలిక, ముందుకు తోయడం కష్టం. పడమరకు ప్రయాణించినవాళ్లు రోజుకు సుమారు గంటన్నర చొప్పున సర్దుకుంటారు, తూర్పుకు వెళ్లినవాళ్లు సుమారు గంట చొప్పున. అతనికి 5 గంటల తేడా మూడు రోజుల పైచిలుకులో కుదురుకుంటుంది. ఆమెకు ఐదు రోజులు కావాలి. వారం సెలవులో ఐదు రోజులంటే చాలా పెద్ద భాగం. అందుకే ఆమె బయల్దేరే ముందు మూడు రాత్రులైనా రోజుకు అరగంటో గంటో ముందుగా పడుకుని, అంతే ముందుగా లేస్తే ఆ మేరకు భారం ఇంట్లోనే దిగిపోతుంది.

వెలుతురే మందు, వేళ తప్పితే అదే విషం

ఈ గడియారాన్ని తిప్పే ముల్లు వెలుతురు. ఎంత వెలుతురు అన్నది లక్స్‌లలో కొలుస్తారు. ఇంట్లో దీపాల కింద 100 నుంచి 500 లక్స్ ఉంటే, మబ్బు పట్టిన రోజున ఆరుబయట కూడా 10 వేల దాకా ఉంటుంది, నిండు ఎండలో లక్ష దగ్గరికి చేరుతుంది. కంటికి ఈ తేడా అంతగా తెలియదు, మెదడులోని ఆ గుత్తికి బాగా తెలుస్తుంది.

అయితే ఏ వేళ వెలుతురు పడిందన్నది ఎంత పడిందన్నదానికంటే ముఖ్యం. రోజూ మనం నిద్రలేవడానికి రెండు మూడు గంటల ముందు ఒంటి వేడి అన్నిటికంటే తక్కువకు దిగుతుంది. ఆ ఘడియకు ముందు వెలుతురు పడితే లోపలి గడియారం వెనక్కి జరుగుతుంది, తర్వాత పడితే ముందుకు జరుగుతుంది. ఉదయం ఆరింటికి లేచే అతనికి ఆ ఘడియ తెల్లవారుజాము మూడున్నర ప్రాంతం, అంటే మాడ్రిడ్‌లో అర్ధరాత్రి పన్నెండు. ఆరున్నరకు లేచే ఆమెకు అది న్యూజెర్సీ నాలుగు గంటలు, అంటే మాడ్రిడ్‌లో ఉదయం 10. ఈ రెండు అంకెలు, 12, 10, ఆ రోజంతటికీ ఆధారం. మనిషిని బట్టి ఓ గంట అటూ ఇటూ ఉండొచ్చు కానీ దారి మారదు.

ఆమె సంగతి ముందు చూద్దాం, ముందు దిగేది ఆమే కనుక. అమెరికా తూర్పు తీరం నుంచి యూరప్ వెళ్లే విమానాలు ఎక్కువగా సాయంత్రం బయల్దేరి, ఏడు గంటల పైచిలుకు ఎగిరి, పొద్దున దిగుతాయి. అట్లాంటిక్ మీద ఉండగానే తెల్లారుతుంది. ఆ వెలుగు ఎంత అందంగా ఉన్నా కిటికీ మూసేయమనే చెబుతాను. న్యూజెర్సీ కాలం ప్రకారం అప్పుడు అర్ధరాత్రి దాటి ఒకటో రెండో అయి ఉంటుంది. ఆ వెలుతురు ఆమె గడియారాన్ని వెనక్కి, సరిగ్గా అక్కర్లేని వైపుకు తోస్తుంది. ఉదయం 9కి మాడ్రిడ్ బరాహాస్‌లో దిగి, పాస్‌పోర్టు వరస, సామాన్ల వరస దాటేసరికి పది అవుతుంది. అంతవరకూ నల్లకళ్లద్దాలు పెట్టుకోవడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

పది దాటాక అదే వెలుతురు ఆమెకు స్నేహితుడు. విమానాశ్రయం నుంచి 203 నంబరు ఎక్స్‌ప్రెస్ బస్సు 5 యూరోలకు అతోచా రైల్వే స్టేషన్ దాకా తెస్తుంది, సుమారు 40 నిమిషాల్లో. మెట్రోలో వస్తే టికెట్ మీద 3 యూరోల విమానాశ్రయం రుసుము అదనం, పైగా మెట్రో నేలకింద నడుస్తుంది. ఈ పూట ఆమెకు కావలసింది పైన ఉంది. అతోచాలో సామాను భద్రపరిచే చోట పెట్టె వదిలి, పక్కనే ఉన్న మొయానో వాలు ఎక్కాలి. 1925 నుంచి అక్కడ 30 చెక్క దుకాణాల్లో పాత పుస్తకాలు అమ్ముతున్నారు. కోఠీలో, విజయవాడలో పాత పుస్తకాల దగ్గర కాలం మరిచిపోయినవాళ్లకు ఆ వాలు ఎక్కడానికి చాలాసేపే పడుతుంది.

వాలు ఎక్కితే రెతీరో ఉద్యానం. సుమారు 120 హెక్టార్లు, మన లెక్కలో 300 ఎకరాలు. రాజుల విహారవనంగా ఉన్న ఈ తోట 1868లో జనానికి అందుబాటులోకి వచ్చింది. 2021లో యునెస్కో దీన్నీ పక్కనున్న ప్రాదో వీధినీ కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పదకొండున్నర నుంచి ఒంటిగంటన్నర దాకా ఆమె ఇక్కడ, చెట్ల నీడలోనే అయినా సరే, ఆరుబయట నడవాలి. కూర్చుంటే కన్ను మూతపడుతుంది, ఆమె రాత్రంతా నిద్రలేకుండా వచ్చింది కదా. కోనేటి చుట్టూ, గులాబీ తోట మీదుగా నడిచే ఈ రెండు గంటలే ఆ రోజు మొత్తంలో ఆమె వేసుకునే అసలైన మందు.

ఇద్దరికీ ఒకే బల్ల

ఒంటిగంటకు అతను దిగుతాడు. తెల్లవారకముందే శంషాబాద్‌లో విమానం ఎక్కి, గల్ఫ్‌లో మారి వచ్చాడు. అతని ఒంటికి అప్పుడు సాయంత్రం నాలుగున్నర. బయటపడి ఊళ్లోకి వచ్చేసరికి మూడు. స్పెయిన్‌లో మధ్యాహ్న భోజనం వేళ రెండు నుంచి నాలుగు కాబట్టి వంటగదులు మంచి ఊపు మీదుంటాయి. ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు కానీ అతని కడుపుకు అది సాయంత్రం ఆరున్నర, ఆమె కడుపుకు ఉదయం తొమ్మిది. ఒకరికి పెందలాడే వచ్చిన రాత్రి భోజనం, ఇంకొకరికి టిఫిను. అందుకే అతను ఇక్కడే కడుపునిండా తినేయడం మంచిది. శాకాహారులైతే బంగాళాదుంపలు, గుడ్లతో మందంగా వేసే తోర్తియా అట్టు, గుడ్డు కూడా వద్దంటే టమాటాలతో చేసే చల్లటి గాస్పాచో, వంకాయ, గుమ్మడి జాతి కాయలతో వండే పిస్తో దొరుకుతాయి. కూర పేరులో కాయలే కనిపించినా పైన పంది మాంసం ముక్కలు చల్లారేమో ముందే అడగాలి, అక్కడ అది మామూలు. నీళ్లు కొనక్కర్లేదు. 2022 నాటి చట్టం ప్రకారం హోటళ్లు కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలి, మాడ్రిడ్ కుళాయి నీళ్లు నిక్షేపంగా తాగొచ్చు. 1858లో కొండల నుంచి ఊరికి నీళ్లు తెచ్చిన కాలువ సంస్థే ఇప్పటికీ ఆ ఊరికి నీళ్లిస్తోంది.

నాలుగింటికి గదిలో ఒక కునుకు. పాతిక నిమిషాలు, అంతకు మించకూడదు. అరగంట దాటితే గాఢనిద్రలోకి జారి, లేచాక తల దిమ్మెక్కుతుంది, రాత్రి నిద్ర చెడుతుంది. కాఫీ విషయంలో ఇద్దరి దారులూ వేరు. కాఫీలోని కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. పదకొండు దాకా మేలుకోవాల్సిన అతను నాలుగున్నరకు ఒక చిన్న కప్పు తాగొచ్చు. రాత్రి నిద్రను ముందుకు లాక్కోవాల్సిన ఆమెకు భోజనం తర్వాత కాఫీ వద్దు.

సాయంత్రం ఆరింటికి ఒక ఆశ ఎదురొస్తుంది. ప్రపంచంలోని గొప్ప చిత్రశాలల్లో ఒకటైన ప్రాదోలో సోమవారం నుంచి శనివారం వరకు ఆరు నుంచి ఎనిమిది దాకా ప్రవేశం ఉచితం. మామూలుగా టికెట్ 15 యూరోలు. ఇద్దరికీ కలిపి 30 యూరోలు మిగుల్తాయి. అయినా తొలిరోజు వెళ్లొద్దనే నా మాట. తైలవర్ణ చిత్రాలు పాడవకుండా ఇలాంటి చోట్ల వెలుతురు 150, 200 లక్స్ దగ్గరే ఉంచుతారు. అతని ఒంటికి అప్పుడు రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర. ఆ మసక వెలుతురులో, చల్లటి గదుల్లో అతను చిత్రకారుడు వెలాస్కెజ్ గీసిన బొమ్మ ముందు నిలబడి ఆవలిస్తాడు. జీవితంలో ఒకసారి చూసే చిత్రాన్ని అలా చూడకూడదు.

ఆ వేళకు బయట ఏముందో చూడండి. ఏడు గంటలు, అంటే అతని పడక వేళ. కానీ మాడ్రిడ్‌లో జూన్ ఆఖర్న సూర్యుడు అస్తమించేది రాత్రి 9 గంటల 48 నిమిషాలకు. ఇంకా 2 గంటల 48 నిమిషాల పొద్దుంది. హైదరాబాద్‌లో ఆ రోజుల్లో పగలు సుమారు 13 గంటల 10 నిమిషాలైతే మాడ్రిడ్‌లో 15 గంటల పైనే. అతని లోపలి గడియారాన్ని వెనక్కి తిప్పే వేళ అర్ధరాత్రికి ముందున్నదంతా అని చెప్పుకున్నాం. ఏడు నుంచి పదింటి దాకా పడే ప్రతి కిరణమూ అతనికి పనికొస్తుంది. ఆమెకు ఆ వేళ న్యూజెర్సీ మధ్యాహ్నం, అప్పటి వెలుతురు ఆమె గడియారాన్ని పెద్దగా కదపదు. అతనికి మేలు, ఆమెకు చేటు లేదు. ఇద్దరూ కలిసి బయట ఉండాల్సిన సమయం ఇదే.

పుయెర్తా దెల్ సోల్ చౌరస్తా నుంచి మొదలుపెట్టాలి. స్పెయిన్ జాతీయ రహదారుల సున్నా కిలోమీటరు రాయి ఉన్నది అక్కడే. ఆ రాయికి ఎదురు భవనం మీదున్న గడియారం 1866 నాటిది. డిసెంబరు 31 అర్ధరాత్రి అది పన్నెండు కొడుతుంటే దేశమంతా దెబ్బకొక ద్రాక్షపండు తింటుంది. దేశానికి వేళ చెప్పే ఆ గడియారం సూర్యుడికి రెండుంబావు గంటలు ముందుండటానికి ఒక చరిత్ర ఉంది.

1901 జనవరి 1న స్పెయిన్ గ్రీనిచ్ కాలాన్ని స్వీకరించింది. అదే దానికి సహజం, గ్రీనిచ్ రేఖ ఆ దేశపు తూర్పు భాగం మీదుగానే పోతుంది. 1940 మార్చి 16 రాత్రి పదకొండు కాగానే నియంత ఫ్రాంకో ప్రభుత్వం ముళ్లను పన్నెండుకు జరిపింది. యూరప్‌లో యుద్ధం నడుస్తున్న కాలం అది. జర్మనీ కాలంతో స్పెయిన్ కాలం ఒకటైంది. తర్వాత వెనక్కి మారుస్తామన్నది ఆ ఉత్తర్వులోనే ఉంది, కానీ మార్చలేదు. పక్కనే, ఇంచుమించు అదే రేఖాంశాల్లో ఉన్న పోర్చుగల్ నేటికీ ఒక గంట వెనకే ఉంది. దీనికి వేసవి గంట ఇంకొకటి తోడైతే మొత్తం రెండుంబావు. ఏటా రెండుసార్లు గడియారాలు మార్చే పద్ధతిని ఎత్తేయాలని 2019 మార్చిలో యూరప్ పార్లమెంటు 410 ఓట్లతో తీర్మానించినా, సభ్యదేశాల మధ్య ఒప్పందం కుదరక అది అలాగే ఆగింది. స్పెయిన్ వాళ్లు రాత్రి పదింటికి తింటారని మనవాళ్లు ఆశ్చర్యపోతారు. సూర్యుడి లెక్కలో అది ఏడుముప్పావు. సూర్యుణ్ని చూసి తినే మనిషికి అది సరైన వేళే.

చౌరస్తా నుంచి నాలుగడుగులు వేస్తే ప్లాసా మయోర్. 1619లో పూర్తయిన ఈ దీర్ఘచతురస్రం 129 మీటర్ల పొడవు, 94 మీటర్ల వెడల్పు, అంటే సరిగ్గా మూడెకరాలు. చుట్టూ 237 బాల్కనీలు దాని వైపే చూస్తుంటాయి. ఇప్పుడున్న రూపం 1790 అగ్నిప్రమాదం తర్వాత తిరిగి కట్టినది. అక్కణ్నుంచి 3,418 గదుల రాజప్రాసాదం పక్కగా, ఈ పూటకు లోపలికి పోకుండా, ఉత్తరం వైపు సాగితే కొండమీద దెబోద్ ఆలయం. మొత్తం నడక రెండు, రెండున్నర కిలోమీటర్లు. తొందర అక్కర్లేదు. ఆ ఊళ్లో ఎండ వేడి గరిష్ఠానికి చేరేది సాయంత్రం ఐదారు గంటలకు కాబట్టి ఏడు దాటాక బయల్దేరడమే హాయి.

దెబోద్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగమంటాను. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దంలో ఈజిప్టులో, అస్వాన్‌కు దక్షిణాన కట్టిన గుడి ఇది. అస్వాన్ మహా ఆనకట్ట నీళ్లలో నూబియా ఆలయాలు మునిగిపోనుండగా వాటిని కాపాడే పనిలో స్పెయిన్ చేయి కలిపింది. ఆ సాయానికి బదులుగా 1968లో ఈజిప్టు ఈ గుడిని ఇచ్చేసింది. రాయి రాయిగా విప్పి, ఓడలో తెచ్చి, తిరిగి పేర్చి 1972లో జనానికి తెరిచారు. తూర్పు పడమరల దిక్కు కూడా పాత చోటులో ఉన్నట్టే నిలిపారు. నాగార్జునకొండ కట్టడాలు సాగర్ నీళ్లకు ముందు పైకి చేరిన కథ, శ్రీశైలం జలాశయం వచ్చినప్పుడు కూడవల్లి సంగమేశ్వరాలయం అలంపురానికి తరలిన కథ తెలిసిన మనకు ఈ రాళ్ల ప్రయాణం ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. గుడి వెనక పొద్దు వాలుతుంటే మాడ్రిడ్ జనమూ అక్కడికే చేరతారు. 9.48కి సూర్యుడు దిగే సమయానికి అతని ఒంటికి రాత్రి 1.18. అయినా కాళ్ల మీద నిలబడి ఉన్నాడంటే ఆ వెలుతురు చలవే.

పదింటికి ఒక చిన్న పళ్లెం పంచుకుని, పదకొండుంబావుకు పడక. రాత్రి రెండున్నరకు ఇద్దరికీ మెలకువ వచ్చే అవకాశం ఎక్కువ. అతనికి అది రోజూ లేచే ఉదయం ఆరు. ఆమెకు రాత్రి ఎనిమిదిన్నర, ఇంకా నిద్ర వేళే కాదు. ఇక్కడ ఇద్దరికీ ఒకే నియమం: దీపం వేయొద్దు, ఫోను చూడొద్దు. ఆ వేళ వెలుతురు అతని గడియారాన్ని ముందుకు, ఆమె గడియారాన్ని వెనక్కి, అంటే ఇద్దర్నీ తప్పుడు వైపుకే లాగుతుంది. చీకట్లో పడుకుని కబుర్లు చెప్పుకోవచ్చు. నెలల తర్వాత కలిసిన జంటకు కబుర్లకు కొదవుండదు. తెల్లవారాక తొమ్మిదింటి దాకా తెరలు మూసే ఉంచాలి. మాడ్రిడ్‌లో 6.45కే పొద్దు పొడిచినా ఆ తొలి వెలుగు ఇద్దరికీ అక్కర్లేదు.

డిసెంబరులో వెళ్లేవాళ్లు మాత్రం ఈ లెక్కను తిరగరాయాలి. అప్పుడు హైదరాబాద్‌తో తేడా నాలుగున్నర గంటలు. సాయంత్రం ఆరు కాకముందే పొద్దుగూకుతుంది, మన కాలంలో అది దాదాపు రాత్రి పదిన్నర. నిద్ర ముంచుకొచ్చే వేళకే ఉచిత వైద్యం ఆగిపోతుంది. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు ఆ సాయంత్రాలు గ్రాన్ వియా వీధిలో దీపాలు దండిగా ఉన్న దుకాణాల మధ్య గడపడం మేలు. న్యూజెర్సీ వాళ్లకు డిసెంబరే నయం: పొద్దు పొడిచేది ఎనిమిదిన్నర దాటాక కాబట్టి, పొద్దున వెలుతురు తప్పించుకోవడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు.

ప్రాదో సంగతి మిగిలింది. దానికి రెండో రోజు సాయంత్రం నాలుగు మంచి వేళ. వీధుల్లో ఎండ మండుతుంటుంది. అతని ఒంటికి అప్పుడు రాత్రి ఏడున్నర, ఆమెకు ఉదయం పది, ఇద్దరి తలలూ తేటగా ఉండే సమయం. 1656లో వెలాస్కెజ్ గీసిన ‘లాస్ మెనీనాస్’ మూడు మీటర్లకు పైగా ఎత్తుంటుంది. దాని ముందు అరగంట నిలబడాలంటే 15 యూరోల టికెట్ కొనుక్కుని వెళ్లడమే దారి. ఆరింటికి ఉచిత వరస లోపలికి రావడం మొదలయ్యేసరికి మీరు చూడవలసింది చూసి బయటి వెలుతురులోకి వచ్చేయవచ్చు.